పిల్లల్లో దీర్ఘకాలిక కడుపునొప్పి, నిద్రలేమి: హిప్నోథెరపీ గురించి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి ప్రాంతాల తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలను దృష్టిలో ఉంచుకొని ఈ జవాబులు రాశాము. నెలల తరబడి కడుపునొప్పితో బాధపడుతూ, రాత్రిళ్ళు సరిగా నిద్రపోక, ఎన్ని పరీక్షలు చేసినా ఏ జబ్బూ బయటపడని పిల్లల గురించే ఇక్కడ మాట్లాడుతున్నాము. అటువంటి పిల్లలకు ధ్యాస నిలిపి, ఊహాశక్తితో శరీరాన్ని నెమ్మదింపజేసుకోవడం నేర్పే చికిత్సే హిప్నోథెరపీ. డాక్టరు చేయవలసిన పరీక్షకు ఈ జవాబులు బదులు కావు.

స్కానింగ్, రక్త పరీక్ష, మల పరీక్ష అన్నీ బాగున్నాయన్నారు. అయినా నొప్పి ఎందుకు వస్తోంది?

స్కానింగ్‌లో అవయవాల ఆకారం కనిపిస్తుంది గాని, పేగులకూ మెదడుకూ మధ్య రాత్రింబవళ్ళు సాగే సంకేతాల రాకపోకలు కనిపించవు. పేగుల గోడల్లో కోట్ల కొద్దీ నాడీకణాలు ఉన్నాయి. మెదడు నుంచి పొట్ట దాకా సాగే వేగస్ నాడి ద్వారా, వెన్నుపాము ద్వారా అవి మెదడుకు సమాచారం పంపుతూనే ఉంటాయి. అన్నం తిన్నాక పేగు కొంచెం సాగడం, గ్యాస్ కదలడం వంటివి రోజూ జరిగేవే కాబట్టి మెదడు వాటిని మామూలుగా పట్టించుకోదు. కొందరు పిల్లల్లో మాత్రం, ఒకసారి గట్టిగా వాంతులు విరేచనాలు అయిన తర్వాతనో, చాలా కాలం మలబద్ధకం ఉండటం వల్లనో, మనసును కుదిపిన ఏదో మార్పు తర్వాతనో, ఈ నాడులు అవసరానికి మించి స్పందించడం మొదలుపెడతాయి. పెళ్ళింట్లో మైకు దగ్గర గుసగుసగా అన్న మాటను కూడా యాంప్లిఫయర్ వాడకట్టంతటికీ వినిపించినట్టు, మామూలు పేగు కదలికను ఆ నాడులు పెద్ద నొప్పిగా మెదడుకు చేరవేస్తాయి. ఆ నొప్పిని పిల్లలు నిజంగానే అనుభవిస్తారు.

వైద్యులు దీనిని ఫంక్షనల్ కడుపునొప్పి అంటారు. ఇటువంటి కడుపు సమస్యలను గుర్తించడానికి నిపుణులు రూపొందించి 2016లో వెలువరించిన రోమ్-4 ప్రమాణాల ప్రకారం, ఇందులో ఎక్కువగా కనిపించే రకాలకు, కనీసం రెండు నెలలుగా నెలకు నాలుగు సార్లయినా నొప్పి వస్తూ, తగిన పరీక్ష తర్వాత వేరే జబ్బు ఏదీ కారణమని తేలకపోతే ఈ పేరు పెడతారు. ఇది అరుదైన సమస్య కూడా కాదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జాన్ ఆప్లీ అనే పిల్లల వైద్యుడు 1958లో వెయ్యి మంది బడి పిల్లలను పరిశీలించి, వారిలో దాదాపు పదోవంతు మందికి మళ్ళీ మళ్ళీ కడుపునొప్పి వస్తోందని రాశారు.

ఆదివారం ఏమీ ఉండదు, సోమవారం పొద్దున "కడుపుల నొస్తాంది" అంటాడు. బడి తప్పించుకోవడానికి నటిస్తున్నాడా?

చాలా సందర్భాల్లో కాదు. భయం, ఆందోళన పేగుల కదలికను నిజంగానే మారుస్తాయి. పరీక్ష హాలులోకి వెళ్ళే ముందు మరుగుదొడ్డికి పరుగెత్తిన పెద్దవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. సోమవారమే నొప్పి వస్తోందంటే బడిలో ఏదో పిల్లవాడిని బాధిస్తూ ఉండవచ్చు. లెక్కల భయమా, తోటిపిల్లల వేధింపా, కొత్తగా ఇంగ్లీషు మీడియంలో చేరడమా అన్నది నిదానంగా కనుక్కోవాలి. "నటిస్తున్నావు" అనే మాట మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ అనకండి. ఆ మాట విన్న పిల్లలు తమ నొప్పిని నమ్మించడానికి ఇంకా గట్టిగా చెప్పవలసి వస్తుంది, లేదా చెప్పడమే మానేస్తారు. రెండూ నష్టమే.

హిప్నోథెరపీకి వెళ్ళే ముందు ఏమేమి చూపించుకోవాలి?

ముందుగా పిల్లల డాక్టరును కలవాలి. ఈ విషయంలో మినహాయింపు లేదు. బరువు తగ్గడం, వయసుకు తగ్గ ఎదుగుదల లేకపోవడం, మలంలో రక్తం, ఆగని వాంతులు, ముఖ్యంగా పచ్చటి పసరు వాంతులు, విడవని జ్వరం, కీళ్ళ వాపు, మింగలేకపోవడం, గాఢనిద్రలో ఉన్న పిల్లను లేపేంత నొప్పి, బొడ్డుకు దూరంగా, ముఖ్యంగా కుడివైపు కింద ఒకేచోట నిలిచే నొప్పి ఉంటే, వాటికి కారణం తేలేవరకు హిప్నోథెరపీ మాటే ఎత్తకూడదు. ఉన్నట్టుండి మొదలై గంటగంటకూ పెరిగే నొప్పి అత్యవసరం. దానికి నేరుగా దవాఖానకే వెళ్ళాలి.

మన ప్రాంతానికి సంబంధించి మరికొన్ని సంగతులు ప్రత్యేకంగా చెప్పాలి. మొదటిది మలబద్ధకం. బడిలో మరుగుదొడ్డి శుభ్రంగా లేకనో, తలుపుకు గొళ్ళెం లేకనో పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆపుకుంటారు. రోజూ కొంచెం కొంచెం వెళ్తున్నా కడుపులో మలం పేరుకుపోయి ఉండవచ్చు. ఇది సరిచేస్తే చాలామందిలో సగం నొప్పి అక్కడే తగ్గుతుందని మా నమ్మకం. రెండవది నట్టలు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నిర్వహించే జాతీయ నులిపురుగుల నివారణ దినాల్లో అంగన్‌వాడీల్లో, బడుల్లో ఇచ్చే అల్బెండజోల్ గోలీ మీ పిల్లకు అందిందో లేదో కనుక్కోండి. మూడవది క్షయ. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండి, పిల్లకు జ్వరం, బరువు తగ్గడం కూడా ఉంటే కడుపులో టీబీ ఉందేమో డాక్టరు తప్పక చూడాలి. నాలుగవది సికిల్‌సెల్ రక్తహీనత, అంటే ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. గిరిజన కుటుంబాల పిల్లల్లో ఇది కడుపునొప్పిగా, ఒళ్ళు నొప్పులుగా బయటపడవచ్చు. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం కింద 40 ఏళ్ళలోపు వారికి పరీక్షలు చేస్తున్నారు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, ఆదిలాబాద్ వైపు కుటుంబాలు ఈ పరీక్షను వదులుకోకూడదు. ఇవి కాక మూత్రంలో ఇన్ఫెక్షన్, పాలు అరగకపోవడం, పెద్దమనిషి అయిన ఆడపిల్లల్లో నెలసరి నొప్పి వంటివీ డాక్టరు ఆలోచిస్తారు.

ఇవన్నీ చూశాక కూడా ఏమీ దొరకకపోతే, అవే పరీక్షలను నలుగురు డాక్టర్ల దగ్గర మళ్ళీ మళ్ళీ చేయించడం మంచిది కాదు. ఒక్కొక్క కొత్త స్కానింగ్‌తో పిల్లల మనసులో "నాకేదో పెద్ద జబ్బు ఉంది" అనే భయం గట్టిపడుతుంది.

నిద్రకూ కడుపునొప్పికీ సంబంధం ఏమిటి?

రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. నొప్పి భయంతో నిద్ర పట్టదు, నిద్ర చాలని శరీరం మర్నాడు అదే నొప్పిని ఎక్కువగా గ్రహిస్తుంది, అలసిన పిల్ల బడికి వెళ్ళనంటుంది, పగలు పడుకుంటుంది, రాత్రి మళ్ళీ నిద్ర రాదు. అందుకే ఒక్క నొప్పినే పట్టుకొని నిద్రను వదిలేస్తే చికిత్స నిలవదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ సూచన ప్రకారం 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళ వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ట్యూషన్ అయ్యేసరికి రాత్రి తొమ్మిది, హోంవర్క్ అయ్యేసరికి పదకొండు, మళ్ళీ పొద్దున ఆరింటికి బడి బస్సు అంటే ఈ లెక్క కుదరదు.

నిద్రలేమికి కూడా శరీరంలో కారణాలు ఉండవచ్చు. పిల్ల గట్టిగా గురక పెడుతూ, నోటితో శ్వాస తీసుకుంటూ ఉంటే టాన్సిళ్ళు, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్లు చూపించాలి. రాత్రి కాళ్ళు లాగుతున్నాయని కదిలిస్తూనే ఉంటే ఐరన్ లోపం ఉందేమో పరీక్షించాలి. ఇటువంటి వాటికి హిప్నోథెరపీతో పని లేదు.

హిప్నోథెరపీ అంటే మ్యాజిక్ షోలో స్టేజీ మీద చేసే హిప్నాటిజమేనా?

కాదు. స్టేజీ మీద జరిగేది వినోదం కోసం చేసే ప్రదర్శన. చికిత్సలో జరిగేది వేరు: పిల్లలు తమ ధ్యాసను ఒకచోట నిలిపి, ఊహాశక్తిని ఉపయోగించి, తమ శరీర స్పందనను నెమ్మదింపజేసుకోవడం నేర్చుకుంటారు. చికిత్సకుడు దారి చూపిస్తారు, పని చేసేది పిల్లలే.

వైద్యంలో దీని చరిత్ర చాలా పాతది, అందులో మన దేశానికీ చోటుంది. జేమ్స్ ఎస్డెయిల్ అనే స్కాటిష్ వైద్యుడు 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో, మత్తుమందు లేని ఆ రోజుల్లో, హిప్నోసిస్‌కు పాత రూపమైన మెస్మరిజం ప్రయోగించి శస్త్రచికిత్సలు చేశారు. 1846లో కలకత్తాలో ఇందుకోసం ఒక ఆసుపత్రి కూడా తెరిచారు. ఆ వెంటనే ఈథర్, క్లోరోఫామ్ అనే మత్తుమందులు రావడంతో అది వెనుకబడింది. మళ్ళీ 1955లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్, 1958లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ హిప్నోసిస్‌కు వైద్యంలో స్థానం ఉందని ఒప్పుకున్నాయి. కడుపు జబ్బులకు ప్రత్యేకంగా దీన్ని మలిచినవారు మాంచెస్టర్‌కు చెందిన పీటర్ వోర్వెల్. పేగుల రుగ్మత తీవ్రంగా ఉన్న 30 మంది పెద్దవారిపై ఆయన బృందం చేసిన పరిశోధన 1984లో వెలువడింది. ఈనాడు పిల్లలకు చేస్తున్నది ఆ పద్ధతి నుంచి వచ్చినదే.

పాప స్పృహ కోల్పోతుందా? తన ఇష్టం లేకుండా ఏమైనా చేయిస్తారా?

లేదు. పిల్లలకు చుట్టూ జరిగేది వినిపిస్తూనే ఉంటుంది. నచ్చకపోతే ఏ క్షణంలోనైనా కళ్ళు తెరిచి లేవవచ్చు. చాలామంది చిన్నపిల్లలు కళ్ళు మూసుకోనే మూసుకోరు, కదులుతూనే ఉంటారు. దానివల్ల నష్టమేమీ లేదు. వారిచేత రహస్యాలు చెప్పించడం, మరచిన జ్ఞాపకాలను తవ్వి తీయడం ఈ చికిత్సలో భాగం కాదు. ఎవరైనా "గత జన్మలోకి తీసుకువెళ్తాము" అంటే అక్కడినుంచి పిల్లను తీసుకొని వచ్చేయండి.

ఒక సెషన్‌లో నిజంగా ఏం జరుగుతుంది?

మొదటిసారి ఎక్కువ భాగం మాటలతోనే గడుస్తుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏం తింటే పెరుగుతుంది, రాత్రి ఎక్కడ, ఎవరి పక్కన పడుకుంటుంది, బడిలో ఎవరంటే ఇష్టం, ఏ ఆట ఆడుతుంది అని అడుగుతారు. నొప్పిని బొమ్మగా వేయమంటారు. కొందరు ఎర్రటి ముద్ద గీస్తారు, కొందరు ముళ్ళకంప గీస్తారు. తర్వాత కడుపుకూ మెదడుకూ ఉన్న సంబంధాన్ని పిల్లల భాషలో వివరిస్తారు. మా దృష్టిలో సగం చికిత్స ఈ వివరణలోనే ఉంది, ఎందుకంటే "నా నొప్పిని వీళ్ళు నమ్ముతున్నారు, అది ప్రాణం తీసే జబ్బు కాదు" అని పిల్లలకు తెలిసేది అప్పుడే.

తర్వాత అసలు సాధన మొదలవుతుంది. కుర్చీలో ఒరిగిగాని, చాప మీద పడుకొనిగాని, పిల్లలు శ్వాసను నెమ్మదిగా గమనిస్తారు; పాదాల నుంచి భుజాల దాకా కండరాలను వదులు చేస్తారు. ఆ పైన తమకు ఇష్టమైన చోటును ఊహించుకుంటారు. ఆ చోటును పిల్లలే ఎంచుకోవాలి. సముద్రపు ఒడ్డును ఊహించుకోమని పాశ్చాత్య రికార్డింగుల్లో చెబుతారు గాని, మన పిల్లల్లో చాలామంది సముద్రాన్ని చూసి ఉండరు. అమ్మమ్మ ఇంటి అరుగు, చెరువు కట్ట మీది వేపచెట్టు, లక్నవరం వేలాడే వంతెన, జాతరకు వెళ్ళినప్పుడు జంపన్న వాగులో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న ఇసుక తిన్నె, ఇలా వాళ్ళు చూసినదే పనికివస్తుంది. అక్కడ ఏం కనిపిస్తోంది, ఏం వినిపిస్తోంది, గాలి ఎలా ఉంది అని చికిత్సకుడు అడుగుతూ పోతే, పిల్ల ఆ ఊహలో లీనమవుతుంది.

ధ్యాస అలా నిలిచాక కడుపు మీదికి వస్తారు. పిల్ల తన అరచేతిని పొట్ట మీద పెట్టుకొని, ఆ చేతిలోని వెచ్చదనం లోపలికి పాకుతున్నట్టు, బిగుసుకున్నదంతా సడలుతున్నట్టు ఊహిస్తుంది. మాంచెస్టర్ పద్ధతిలో పేగును ప్రవహించే నదిగా ఊహింపజేస్తారు. కాకతీయుల చెరువుల మధ్య పెరిగే పిల్లలకు చెరువు తూము ఇంకా దగ్గరగా ఉంటుంది: నీళ్ళు మరీ ఉరవడిగా వస్తుంటే తూమును కొంచెం దించడం, కాలువలో చెత్త అడ్డుపడితే తీసేయడం, నీళ్ళు నిదానంగా పొలానికి చేరడం. విరేచనాలు ఎక్కువయ్యే పిల్లకు నెమ్మదిగా పారే కాలువ, మలబద్ధకం ఉన్న పిల్లకు అడ్డు తొలగిన కాలువ అన్నట్టు ఊహను సమస్యకు తగ్గట్టు మారుస్తారు. ఇక్కడ ముఖ్యమైన సంగతి ఏమిటంటే, తూమును తిప్పే చేయి పిల్లదే. నొప్పి ముందు నిస్సహాయంగా ఉన్న పిల్లకు "నేను చేయగలిగింది ఒకటి ఉంది" అన్న ధైర్యం ఇక్కడి నుంచే వస్తుంది.

చివర "బడిలో నొప్పి మొదలైనట్టు అనిపిస్తే పొట్ట మీద చేయి పెట్టి మూడుసార్లు మెల్లగా ఊపిరి వదిలితే ఈ వెచ్చదనం మళ్ళీ వస్తుంది" వంటి సూచన ఇచ్చి, మెల్లగా గదిలోకి తీసుకువస్తారు. మొత్తం ముప్పావు గంట పట్టవచ్చు. ఇంటి దగ్గర మళ్ళీ చేసుకోవడానికి ఒక రికార్డింగ్ ఇస్తారు. ఆ ఇంటి సాధన చేయకపోతే సెషన్ ఒక్కదానితో పెద్ద ఫలితం ఆశించలేము.

ఇది పనిచేస్తుందనడానికి రుజువులు ఉన్నాయా?

ఉన్నాయి, ఈ సమస్యకు ప్రయత్నించిన చాలా మందులకంటే మెరుగైన రుజువులే ఉన్నాయి. 2007లో నెదర్లాండ్స్‌లో 8 నుంచి 18 ఏళ్ళ 53 మంది పిల్లలను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు మూడు నెలల్లో ఆరు హిప్నోథెరపీ సెషన్లు, రెండవ గుంపుకు మామూలు వైద్యంతో పాటు మాటసాయం ఇచ్చారు. ఏడాది తర్వాత హిప్నోథెరపీ పొందినవారిలో 85 శాతం మంది, రెండవ గుంపులో 25 శాతం మంది కోలుకున్నారు. దాదాపు అయిదేళ్ళ తర్వాత అదే పిల్లలను మళ్ళీ కలిస్తే ఆ అంకెలు 68, 20గా ఉన్నాయి.

అయితే వీటికి పరిమితులు ఉన్నాయని తల్లిదండ్రులు తెలుసుకోవాలి. ఆ పరిశోధనల్లో పిల్లల సంఖ్య తక్కువ. మందు గోలీ, ఉత్తుత్తి గోలీ ఇచ్చి పోల్చినట్టు ఇక్కడ పోల్చడం సాధ్యం కాదు. తనకు ఏ చికిత్స జరుగుతోందో పిల్లకు తెలిసిపోతుంది. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచి చూసే కోక్రేన్ సంస్థ 2017 సమీక్ష కూడా హిప్నోథెరపీతో మేలు కనిపిస్తోందని చెబుతూనే, ఆధారాల నాణ్యత తక్కువగా ఉందని చెప్పింది. కాబట్టి "నూటికి నూరు శాతం గ్యారంటీ" అని బోర్డు పెట్టినవారిని నమ్మనక్కర లేదు. ఎటువంటి హాని లేకుండా, చాలామంది పిల్లలకు మేలు చేసే అవకాశం ఉన్న చికిత్స అని మాత్రం నమ్మకంగా చెప్పవచ్చు.

నిద్రకు కూడా పనిచేస్తుందా?

ఇక్కడ ఆధారాలు ఇంకా పలుచన. 2006లో అమెరికాలో నిద్రలేమితో వచ్చిన 84 మంది బడి పిల్లల రికార్డులను తిరిగి పరిశీలిస్తే, నిద్ర పట్టడానికి అరగంటకు మించి పట్టే 70 మందిలో 90 శాతం మంది హిప్నోసిస్ తర్వాత త్వరగా నిద్రపోతున్నామని చెప్పారు. కాని అందులో పోల్చి చూడటానికి వేరే గుంపు లేదు. అయినప్పటికీ, పడుకునే ముందు రికార్డింగ్ వినే పిల్లలకు నొప్పితో పాటు నిద్ర కూడా కుదుటపడటం సహజమే, ఎందుకంటే శ్వాస నిదానించడం, కండరాలు వదులవడం రెండింటికీ అవసరమే.

దీనితో పాటు సాయంత్రం చాయ్ మాన్పించాలి, పడుకునే గంట ముందు ఫోను పక్కన పెట్టించాలి, సెలవు రోజుల్లో కూడా లేచే వేళ మారకుండా చూడాలి. ఇవి చేయకుండా రికార్డింగ్ ఒక్కటే పెడితే లాభం ఉండదు.

ఏ వయసు పిల్లలకు చేయవచ్చు?

పరిశోధనలు ఎక్కువగా 8 నుంచి 18 ఏళ్ళ పిల్లల మీద జరిగాయి. కథ విని ఊహించుకోగలిగే ఆరేడేళ్ళ పిల్లలతో కూడా ఆటగా, కథగా చేయవచ్చు. అంతకంటే చిన్నవారికి ఇది అవసరం లేదు.

ఇది మంత్రం వంటిదా? మా ఇంట్లో పెద్దవాళ్ళు దిష్టి తీయించాలంటున్నారు, బొడ్డు జారిందంటున్నారు.

ఇందులో మంత్రం లేదు, ఏ మతానికీ సంబంధం లేదు, ఏ నమ్మకాన్నీ వదులుకోమని అడగదు. దిష్టి తీసినందువల్ల పిల్లకు హాని లేదు. అమ్మమ్మకు తృప్తి కలుగుతుందంటే తీయనివ్వండి. కాని పొట్ట మీద వాతలు పెట్టడం, ఏముందో తెలియని పసరు తాగించడం, బొడ్డు సరిచేస్తామని పొట్టను గట్టిగా పిసికించడం పిల్లలకు చేసే అపకారం. వాతల గాయాలు పుండ్లవుతాయి, ఆ నొప్పి, భయం పిల్లల మనసులో ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. ఈ విషయంలో ఇంటి పెద్దవారికి ఎదురుచెప్పడం కష్టమని మాకు తెలుసు. అటువంటప్పుడు పెద్దవారిని కూడా డాక్టరు దగ్గరికి వెంట తీసుకురండి. నొప్పి ఎలా పుడుతుందో వారికే వివరిస్తే, చాలా సందర్భాల్లో వారే ఇంట్లో అందరికంటే గట్టి అండ అవుతారు.

ఇంట్లో మేము ఏం చేయాలి?

నొప్పి గురించి పదే పదే అడగకండి. "ఇప్పుడెట్లుంది బిడ్డా, ఇంకా నొస్తాందా?" అని గంటకోసారి అడగడం ప్రేమతోనే గాని, అడిగిన ప్రతిసారీ పిల్ల ధ్యాస మళ్ళీ కడుపు మీదికే పోతుంది. 2006లో అమెరికాలో లిన్ వాకర్ బృందం పిల్లలచేత ఎక్కువ నీళ్ళు తాగించి కడుపులో ఇబ్బంది కలిగించి, కొందరు తల్లిదండ్రులను నొప్పి గురించి మాట్లాడమని, మరికొందరిని ధ్యాస మళ్ళించమని చెప్పి చూసింది. నొప్పి గురించి మాట్లాడిన చోట పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి. ధ్యాస మళ్ళించిన చోట సగానికి తగ్గాయి. ధ్యాస మళ్ళిస్తే పిల్ల బాధపడుతుందేమోనని తల్లిదండ్రులు అనుకున్నారు గాని, పిల్లలు మాత్రం దానివల్లే తమకు బాగనిపించిందని చెప్పారు.

అంటే నొప్పిని పట్టించుకోవద్దని కాదు. నొప్పి చెప్పినప్పుడు ఒకసారి శ్రద్ధగా విని, "సరే నాయనా, నేర్చుకున్నది చేద్దాం" అని రికార్డింగ్ పెట్టి, తర్వాత మామూలు పనిలో పడాలి. నొప్పి ఉన్నా వీలైనంత వరకు బడికి పంపాలి. పూర్తి రోజు కష్టమైతే సగం రోజైనా పంపాలి. నొప్పి వచ్చిన రోజున మాత్రమే ఫోను, చాక్లెట్, అమ్మ పక్కన పడుకోవడం దొరికేలా ఉండకూడదు. ఆ ముద్దుమురిపాలు నొప్పి లేని రోజున ఎక్కువగా ఇవ్వండి.

మా బాబు గురుకులం హాస్టల్‌లో ఉంటాడు. ఎలా?

హాస్టల్ పిల్లల కడుపునొప్పి వెనుక ఇంటి బెంగ తరచుగా ఉంటుంది, మలబద్ధకం కూడా ఉంటుంది. వార్డెనుకో, క్లాసు టీచరుకో డాక్టరు రాసిన చీటీ చూపించి, రోజూ పడుకునే ముందు పావుగంట రికార్డింగ్ వినడానికి, అవసరమైనప్పుడు మరుగుదొడ్డికి వెళ్ళడానికి అనుమతి అడగండి. నొప్పి వచ్చిన ప్రతిసారీ ఇంటికి పంపడం మాత్రం సమస్యను పెంచుతుంది. దానికంటే వారంలో ఏ రోజు, ఏ వేళకు ఫోనులో మాట్లాడతారో ముందే చెప్పి, ఆ మాట తప్పకుండా ఉండటం పిల్లవాడికి ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? అర్హత ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

"హిప్నోథెరపిస్ట్" అన్న బోర్డు ఒక్కటే అర్హతకు ఆధారం కాదు. వారాంతపు కోర్సు చేసి సర్టిఫికెట్ తగిలించుకున్నవారు ఉంటారు. పిల్లల డాక్టరు, మానసిక వైద్యుడు, లేదా రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్ట్ అయి ఉండి, దానిపైన హిప్నోసిస్‌లో శిక్షణ పొందినవారినే ఎంచుకోండి. నమోదు సంఖ్య అడగడంలో తప్పు లేదు, అర్హులైనవారు నొచ్చుకోరు. పిల్లల డాక్టరు రాసిన కాగితాలు చూడకుండానే మొదలుపెట్టేవారి దగ్గర, తల్లిని గది బయట ఉంచి తలుపు వేసుకునేవారి దగ్గర, పదుల కొద్దీ సెషన్ల డబ్బు ముందే కట్టమనేవారి దగ్గర ఆగకండి.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి. మొదటి పరీక్షకు అక్కడికి వెళ్ళవచ్చు. ఎక్కడికి వెళ్ళాలో తోచనప్పుడు, పిల్లలో దిగులు, భయం ఎక్కువగా కనిపిస్తున్నప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మాటిమాటికి పట్నం పోలేము. ఫోనులో రికార్డింగ్ వింటే సరిపోతుందా?

చాలామందికి సరిపోవచ్చు. ములుగు ఏజెన్సీ నుంచో, మహబూబాబాద్ తండాల నుంచో కూలి పోగొట్టుకొని ఆరుసార్లు హైదరాబాద్ వెళ్ళడం సాధ్యం కాని కుటుంబాలకు ఇది ఆశ కలిగించే సంగతి. 2017లో నెదర్లాండ్స్‌లో 260 మంది పిల్లలపై చేసిన పరిశోధనలో, ఇంట్లో సీడీ విని సాధన చేసినవారు, చికిత్సకుడిని స్వయంగా కలిసినవారు ఇద్దరినీ పోల్చారు. ఏడాది తర్వాత స్వయంగా కలిసినవారిలో 71 శాతం, సీడీ విన్నవారిలో 62 శాతం మంది మెరుగయ్యారు. ఇంటి సాధన చెప్పుకోదగ్గంత వెనుకబడలేదని పరిశోధకులు తేల్చారు. అంతకుముందు 2009లో అమెరికాలో 34 మంది పిల్లలపై చేసిన చిన్న పరిశోధనలోనూ రికార్డింగ్ విన్నవారిలో 63 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 27 శాతం మందికి నొప్పి బాగా తగ్గింది.

కాని ఏ రికార్డింగ్ పడితే అది పెట్టకండి. ఇంగ్లీషులో ఉన్నది మన పిల్లలకు పాఠంలా వినిపిస్తుంది. పుస్తకాల తెలుగు కూడా కొంత దూరంగానే ఉంటుంది. ఒకటి రెండు సార్లు కలిసిన చికిత్సకుడినే, పిల్ల ఎంచుకున్న చోటుతో, పిల్ల ఇంట్లో మాట్లాడే మాటతో, పావుగంట రికార్డు చేసి ఇవ్వమని అడగండి. ఇంట్లో లంబాడీ, కోయ మాట్లాడే పిల్లలకు, చికిత్సకుడు చెప్పినదాన్ని తల్లి లేదా అక్క తమ భాషలో చదివి ఫోనులో రికార్డు చేస్తే ఇంకా మంచిది. యూట్యూబ్‌లో దొరికేవాటి మధ్యలో వచ్చే ప్రకటనలు నిద్రను చెడగొడతాయని కూడా గుర్తుంచుకోండి.

వాడుతున్న మందులు ఆపేయాలా?

మీ అంతట మీరు ఆపకండి. మలబద్ధకం మందు అయితే మరీ ఆపకూడదు. హిప్నోథెరపీ మందులతో పాటు సాగవచ్చు. తగ్గించడం డాక్టరు నిర్ణయం.

ఎవరికి చేయకూడదు?

లేనివి కనిపించడం, వినిపించడం వంటి తీవ్రమైన మానసిక రుగ్మత ఉన్న పిల్లలకు చేయకూడదు. మూర్ఛ ఉన్న పిల్లల విషయంలో ముందుగా వారి డాక్టరును అడగాలి. పిల్ల మీద ఎవరైనా చేయి చేసుకుంటున్నారన్న, లైంగికంగా వేధిస్తున్నారన్న అనుమానం ఉంటే, ముందు ఆ పిల్లను కాపాడాలి; చైల్డ్‌లైన్ 1098కి చెప్పాలి. కడుపునొప్పి ఒక్కోసారి పిల్లలు నోటితో చెప్పలేని సంగతికి సంకేతం కావచ్చు. ఇక, పిల్లకే ఇష్టం లేకపోతే బలవంతంగా కూర్చోబెట్టి చేయించడం వృథా.

ఎన్నాళ్ళలో తెలుస్తుంది? మళ్ళీ నొప్పి వస్తే?

మూడు నెలలు, దాదాపు రోజూ సాధన చేయడం అన్నది పరిశోధనల్లో పాటించిన పద్ధతి. మొదటి రెండు మూడు వారాల్లో నొప్పి పోకపోయినా, నిద్ర త్వరగా పట్టడం, బడి మానే రోజులు తగ్గడం ముందుగా కనిపించవచ్చు. ఒక నోటుపుస్తకంలో రోజుకు ఒక్క గీత గీసి నొప్పి ఉన్నదీ లేనిదీ రాసి పెట్టండి. ఆ పని రాత్రి ఒక్కసారే, పిల్ల ముందు చర్చ పెట్టకుండా చేయండి. రికార్డింగ్ ఆపేసిన తర్వాత కూడా మెరుగుదల కొనసాగడం పైన చెప్పిన నెదర్లాండ్స్ పిల్లల్లో కనిపించింది. వార్షిక పరీక్షల సమయంలోనో, ఇంట్లో ఏదైనా కష్టం వచ్చినప్పుడో నొప్పి కొన్నాళ్ళు తిరిగి రావచ్చు. అప్పుడు పాత రికార్డింగ్‌నే రెండు మూడు వారాలు మళ్ళీ వినిపిస్తే తరచుగా సరిపోతుంది. నొప్పి తీరు మునుపటిలా కాకుండా మారినా, పైన చెప్పిన ప్రమాద సూచనల్లో ఏది కొత్తగా కనిపించినా, రికార్డింగ్ పక్కన పెట్టి ముందుగా పిల్లల డాక్టరుకు చూపించండి.